పొదిగే పెట్టె లెక్క

నవంబరు 4

అక్కయ్యకి,

పెద్దదానివి కాబట్టి ముందు దణ్ణం, తర్వాత తిట్లు. నేను రాసిన ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపడం ఎక్కడైనా ఉందా? నలభై దాటినదాన్ని, మొగుడు పోయినదాన్ని, పదికి నాలుగు మార్కులా? ఆ నాలుగూ ఎందుకు వేశావో కూడా రాయాల్సింది. నువ్వు బళ్లో రిటైరయ్యావు గానీ నా మీద కాలేదు.

సరే, పని పడి రాస్తున్నాను. ఆయన చేసిన పొదిగే పెట్టె గుర్తుందిగా? పాత బీరువాని పడుకోబెట్టి, లోపల జల్లెడ తట్టలు అమర్చి, అడుగున కరెంటు కాయిల్ బిగించాడు. ఆ వేడి చాలక పక్కనే బొగ్గుల కుంపటి పెట్టుకుని కాపలా కూచునేవాడు. ఆ పొగే ఆయన ఊపిరి తీసిందని డాక్టరు అన్నాడు. అందుకే కుంపటి బయట పారేశాను. ఇక ఈ ఇంట్లో బొగ్గు రాజెయ్యను.

కాయిల్ ఒక్కటే పెడితే పెట్టె గోరువెచ్చగా ఉంటోంది. డబ్బా మీద మాత్రం 220 వోల్టులు, 600 వాట్లు అని ఉంది. ఆరొందల వాట్లుంటే చాలని ఆయన అంటుండేవాడు. మరి ఎందుకు వేడెక్కట్లేదు?

మా బావగారు ఆఖరిమాట చెప్పేశాడు. తమ్ముడు పోయాడు కాబట్టి, పెట్టే నా కాపురమూ ఉన్న ఈ షెడ్డు తనదేనట. "ఈ ఒక్క విడత చూస్తానమ్మా. గుడ్లలోంచి పిల్లలు దిగితే షెడ్డు నీకే వదిలేస్తా. దిగకపోతే ఎరువుల బస్తాలకి అద్దెకిచ్చుకుంటా, నువ్వు మీ అక్క దగ్గరికి వెళ్లిపో" అన్నాడు. రెండొందల గుడ్లు మాట్లాడుకుని వచ్చాను. నాకు మిగిలింది ఈ ఒక్క విడతే. ఏం చెయ్యాలో చెప్పు.

నీ చెల్లెలు


నవంబరు 9

మట్టిబుర్రకి,

దణ్ణం అందింది, తిట్లూ అందాయి. తిట్లలో అచ్చుతప్పులు లేవు, అందుకే ఈసారి ఐదు.

"వేడెక్కట్లేదు" అని రాస్తే నాకేం తెలుస్తుందే? ఎన్ని వోల్టులు వస్తున్నాయి? ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయి? ఈ రెండూ లేకుండా నన్ను అడగడమంటే పుస్తకం తెరవకుండా పరీక్షకొచ్చినట్టే. నీకది అలవాటేలే.

కుళాయి తిప్పినప్పుడు నీళ్లని తోసే బలం ఉంటుందే, కరెంటుకి అది వోల్టులు. పారే నీళ్లు ఆంపియర్లు. గొట్టంలో ఉన్న అడ్డం నిరోధం, దాన్ని ఓముల్లో కొలుస్తారు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే శక్తి, అంటే వాట్లు. ఇంతే. ఒక భాగహారం, ఒక గుణకారం. ఎవరి దగ్గరైనా మీటరు అడిగి కొలిచి, లెక్క చేసి పంపు. జవాబు నేను చెప్పను. చెప్పేస్తే నీకు రాదు.

మీ బావగారి మాటలో ఒక్కటి నాకు నచ్చింది. ఇక్కడ వెనక గది ఖాళీగానే ఉంది. నా కళ్లు మసకేస్తున్నాయి, నీ కోడిగీతలు దిద్దడానికి భూతద్దం కావాల్సొస్తోంది. శుక్లాలట, కొయ్యాలట. ఇంట్లో ఒక మనిషి ఉండాలని డాక్టరు సణుగుతున్నాడు. కోడిగుడ్లకి కాపలా కాయడం కన్నా సొంత అక్కకి కాపలా కాయడం నామోషీ కాదు. ఆలోచించుకో.

అక్క


నవంబరు 15

టీచరమ్మకి,

కొలిచానమ్మా, కొలిచాను. మా లైన్‌మాన్ మీటరు తెచ్చాడు. వోల్టులకి రెండు ముళ్లూ ప్లగ్గులో పెడితే సరిపోయింది. ఆంపియర్లకి మాత్రం తీగ మధ్యలో తెంపి, మీటర్లోంచి కరెంటు పారేలా కలపాలన్నాడు. కలిపాడు. ఇదిగో లెక్క.

వోల్టులు 160. ఆంపియర్లు 2.
నిరోధం: 160 ÷ 2 = 80
శక్తి: 160 × 2 = 320

డబ్బా మీద ఆరొందలని అచ్చేసి మూడొందల ఇరవై ఇస్తాడా? తిన్నగా ఆ కాయిల్ అమ్మినవాడి కొట్టుకి వెళ్లి, పదిమంది చూస్తుండగా వాణ్ణి కడిగిపారేశాను. "దొంగ సరుకు అమ్మి ఆడదాన్ని మోసం చేస్తావా" అన్నాను. పాపం, ఊరికే ఇంకో కాయిల్ ఇచ్చి దణ్ణం పెట్టి పంపించాడు. లెక్కలొస్తే ఇంత లాభమని ముందే చెబితే చిన్నప్పుడే నేర్చుకునేదాన్నిగా!

వాడి దగ్గర దానంతటదే ఆగే స్విచ్చి కూడా ఉంది. పెట్టెలో వేడి మించితే టక్కున కరెంటు ఆపేస్తుందట. కొననా, వద్దా?

నువ్వు గది గురించి రాసిన ముక్క చదివి నవ్వుకున్నాను. నాకు కొంప ఉందిలే, నువ్వు పని మనిషిని వెతుక్కో.

చెల్లెలు


నవంబరు 20

ఓసి తొందరపాటుదానా,

పదికి ఆరు. 80 పక్కన ఓములు అని రాయలేదు, 320 పక్కన వాట్లు అని రాయలేదు. ఎనభై ఏమిటి, ఎనభై వంకాయలా? లెక్క చివర ఏం లెక్కపెట్టావో రాయని మనిషికి జన్మలో పదికి పది రావు.

కొట్టువాడి తప్పేం లేదు. వెళ్లి క్షమించమని అడుగు. ఆ కాయిల్‌కి 220 వోల్టులు ఇచ్చి ఉంటే 220 ÷ 80, అంటే 2.75 ఆంపియర్లు పారేవి. 220 × 2.75, ఆరొందల ఐదు వాట్లు వచ్చేవి. నీకు వచ్చేది 160. మీరు లైను చివర ఉన్నారు, ముందున్న ఇళ్లవాళ్లు మింగగా మిగిలిందే మీకు. వోల్టులు తగ్గితే ఆంపియర్లూ తగ్గుతాయి. రెండూ తగ్గుతాయి కాబట్టి వాట్లకి రెండు దెబ్బలు తగులుతాయి. ఈ మాట కింద గీత గీసుకో. రెండు దెబ్బలు.

ఎలాగూ గయ్యాళితనం చేసి రెండో కాయిల్ సంపాదించావు కాబట్టి దాన్ని మొదటి దాని పక్కన కలుపు. ఒకదాని వెనక ఒకటి కాదు, పక్కపక్కన. రెండింటికీ విడివిడిగా పూర్తి 160 వోల్టులూ అందాలి. అప్పుడు జంట నిరోధం ఎంత, శక్తి ఎంత? చేసి పంపు.

ఆ స్విచ్చి కొనకు. లెక్క రానివాళ్ల కోసం చేసిన వస్తువు అది. నా చెల్లెలి పెట్టెకి అలాంటిది బిగిస్తే నాకే సిగ్గు.

పని మనిషిని వెతుక్కోమన్నావు. బాగుంది. నీ మొగుడికి పెట్టె చెయ్యడం వచ్చు గానీ వోల్టులు కొలవాలని తోచలేదు. తోచి ఉంటే కుంపటి పక్కన కూచోవలసిన ఖర్మ పట్టేది కాదు.

అక్క


డిసెంబరు 6

అక్కయ్యకి,

నీ ఉత్తరంలో ఆఖరి ముక్క చదివాక నీకు ఇక రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చచ్చినవాడికి కూడా మార్కులేస్తావేం? ఆయన తట్ట పట్టుకుంటే ఒక గుడ్డు పగిలేది కాదు, అది నీ ఎర్రసిరాకి తెలీదు. ఒట్టు ఎందుకు తీసి గట్టున పెట్టానంటే, పెట్టె వేడెక్కింది. ఎవరికి చెప్పుకోను మరి?

రెండు కాయిళ్లూ పక్కపక్కన కలిపాను. వోల్టులు 160. ఆంపియర్లు నాలుగు! నిరోధం 160 ÷ 4 = 40 ఓములు. శక్తి 160 × 4 = 640. గుడ్లు పెట్టి పదిరోజులు దాటింది. వేడి కాస్త ఎక్కువైతే పై రెక్క తెరుస్తాను, తగ్గితే మూస్తాను, అంతకన్నా పని లేదు. పొద్దునా సాయంత్రం గుడ్లు తిప్పుతున్నాను. నిన్న ఒక్కొక్కటీ దీపానికి అడ్డం పెట్టి చూశాను. లోపల ఎర్రటి నరాలు, మధ్యలో చుక్క కదులుతోంది. అక్కయ్యా, నాకు పిల్లలు లేరని ఎప్పుడూ ఏడవలేదు గానీ ఆ చుక్క చూసి ఏడిచాను. ఆయన ఉంటే బాగుండేది.

ఇంకో శుభవార్త. మా వీధి మొగలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెడుతున్నారు. పదహారున, సోమవారం, లైను ఇస్తామని లైన్‌మాన్ చెప్పాడు. ఇక నిండుగా 230 వోల్టులు వస్తాయట. మా బతుకుల్లోకి వెలుగొస్తోంది! సరిగ్గా పిల్లలు దిగే రోజులకి. కోడిపిల్లల బేరగాడు కూడా ముందే మాట ఇచ్చాడు. మా బావగారి మొహం చూడాలి, ఆముదం తాగినట్టుంది.

ఈసారన్నా పదికి పది వెయ్యి. చిన్నప్పటినుంచీ అడుగుతున్నాను.

నీ చెల్లెలు


డిసెంబరు 10

చెల్లెలికి,

నీ ఉత్తరం దిద్ది దీంతోపాటే పంపుతున్నాను. ఎనిమిది. 40 పక్కన ఓములు రాశావు, సంతోషం. 640 పక్కన వాట్లు మళ్లీ మింగేశావు. "మా బతుకుల్లోకి వెలుగొస్తోంది" అన్న వాక్యం కొట్టేశాను, లెక్కలో కవిత్వం ఏమిటి?

నీ మొగుణ్ణి నేనేమీ అనలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

నా కంటి ఆపరేషన్ వచ్చే నెల పదో తారీకున ఖాయం చేశారు. రెండు కళ్లకీ కొన్నాళ్లు కట్టు ఉంచుతారట. నీకు కోళ్లున్నాయి, నాకు గోడలున్నాయి, పట్టుకుని నడుస్తానులే.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ గురించి గంతులేస్తూ రాశావు. గంతులు తర్వాత. ముందు ఈ లెక్క చేసి పంపు.

ప్రశ్న: జంట కాయిళ్ల నిరోధం 40 ఓములు. వోల్టులు 230. ఆంపియర్లెన్ని? వాట్లెన్ని?

దీనికి సరైన జవాబు రాస్తే పదికి పది. బుర్రపెట్టి చెయ్యి.

అక్క


డిసెంబరు 16

మట్టిబుర్రా,

శనివారమే అంది ఉంటుంది నా ఉత్తరం, జవాబు పోస్టులో వేశావా? ఒక భాగహారం, ఒక గుణకారం, దానికి రెండు రోజులు చాలవా? చెమటలు పడుతున్నాయా? ఇవాళ మీకు కొత్త లైను వచ్చే రోజు. ఈపాటికి లెక్క చేసేసి, "అమ్మో అక్క ఎంత తెలివైనది" అని ముక్కున వేలేసుకుని ఉంటావు. ఆ మాట రాతపూర్వకంగా కావాలి నాకు.

పిల్లలు దిగాక ఎన్ని దిగాయో రాయి. మొహమాటానికైనా ఒకటి నా పేరు పెట్టు. ఎర్రముక్కుది చూసి పెట్టు.

అక్క


డిసెంబరు 19

అక్కయ్యకి,

ఇదిగో నీ లెక్క.

నిరోధం 40 ఓములు. వోల్టులు 230 వోల్టులు.
230 ÷ 40 = 5.75 ఆంపియర్లు.
230 × 5.75 = 1322.5 వాట్లు.

అన్నిటి పక్కనా రాశాను, చూసుకో. ఒక్కటీ మింగలేదు.

ఈ లెక్క నేను శనివారం చేశాను. ఆ వేళ పొద్దున్నే పెట్టెకి చెవి ఆనిస్తే లోపల కిచకిచలు. పెంకు పగలకముందే పిల్లలు అరుస్తాయి, నీకు తెలీదు. ఆయన నాకు నేర్పాడు. బేరగాడి దగ్గర బుట్టలు తెచ్చుకోవాలని బజారుకి వెళ్లాను. పోస్టాఫీసు ముందు పోస్టుమాన్ ఎదురై నీ కవరు చేతిలో పెట్టాడు. ఇంటిదాకా ఆగలేకపోయాను. అక్కడే బెంచీ మీద కూచుని, కవరు వెనక లెక్క చేశాను. 1322.5 అని వేసి, పక్కన వాట్లు అని రాసి, కింద గీత గీసి నవ్వుకున్నాను అక్కయ్యా. ఈసారి పది ఎక్కడికి పోతుందని.

తర్వాత ఆ అంకె మళ్లీ చదివాను. ఆరొందల నలభై ఉన్నచోట పదమూడొందలు. రెండు దెబ్బలు తగ్గడానికే కాదు, పెరగడానికి కూడా. సోమవారం కదా అని గుండె దిటవు చేసుకుని లేచి తల ఎత్తి చూస్తే, పోస్టాఫీసులో పట్టపగలు ఆర్పడం మర్చిపోయిన దీపం తెల్లగా వెలుగుతోంది. ఎప్పుడూ నారింజపండు రంగులో ఉండే దీపం, మా లైనుదే. పని తొందరగా అయిందని లైన్‌మాన్ శనివారమే లైను ఇచ్చేశాడు. పాపం, మాకు మేలు చేద్దామనుకున్నాడు.

బుట్టలు అక్కడే పారేసి పరిగెత్తాను. మా బావగారు షెడ్డు ముందు మంచం మీద కూచుని ఉన్నాడు. "ఇందాకటి నుంచి ఉడికిన వాసన వస్తోందమ్మా, వంట చేస్తున్నావేమో అనుకున్నా" అన్నాడు. నేను వీధిలోంచి రావడం చూస్తూనే అన్నాడు.

బీరువా తలుపు పట్టుకుంటే అరచేయి అంటుకుపోయింది. లాగాను. కిచకిచ లేదు. కొన్ని పిల్లలు ముక్కుతో పెంకు పగలగొట్టి తల బయట పెట్టి అలాగే ఉన్నాయి. ఎర్రముక్కులే అన్నీ. నువ్వు అడిగావుగా, ఒకటి చూసి పెట్టమని. ఆ ఉత్తరం ఇంకా నాకు అందలేదనుకుంటున్నావేమో, ఇవాళే అందింది.

అవునులే, నువ్వు అడగని లెక్క కూడా ఒకటి చేశాను. రెండు కాయిళ్లలో ఒకదాని తీగ విప్పేస్తే నిరోధం 80 ఓములు. 230 ÷ 80 = 2.875 ఆంపియర్లు. 230 × 2.875 = 661 వాట్లు, కొంచెం పైన. సరిగ్గా కావలసినంత. ఒక తీగ విప్పితే సరిపోయేది. "లైను వచ్చేలోగా ఒక తీగ విప్పెయ్యి" అని రాయడానికి నీకు ఎంత సిరా అయ్యేది? "వెలుగొస్తోంది" అన్న నా వాక్యం కొట్టేయడానికి గీసిన గీత దానికన్నా పొడుగుంది.

నీకు తెలిసే ఇలా చేశావు. నేను నిలదొక్కుకుంటే నీ గది ఖాళీగా ఉంటుందని, కట్టు విప్పేదాకా నీకు మనిషి దొరకదని. కాదని రాయి చూద్దాం.

నెలాఖరుకి షెడ్డు ఖాళీ చెయ్యాలి. ఎరువుల బస్తాలు అప్పుడే దిగుతున్నాయి.

చెల్లెలు


డిసెంబరు 22

చెల్లెలికి,

లెక్కకి పదికి పది. మాట ఇచ్చాను కాబట్టి వేశాను. రెండో లెక్క అడక్కుండా చేశావు, దానికి మార్కులు ఉండవు గానీ చేసిన పద్ధతి బాగుంది.

ఇక నీ అభాండం. నాకు తెలుసా అంటే తెలుసు. తెలియకుండా ప్రశ్న ఎలా వేస్తాను? ఆ ప్రశ్నలోనే హెచ్చరిక ఉంది, బుర్రున్నవాళ్లకి. సోమవారమని రాసింది నువ్వు. శనివారానికి ఉత్తరం అందుతుంది, మధ్యలో ఆదివారం ఉంటుంది, లెక్క చేసి నువ్వే తీగ విప్పుతావని నేను లెక్కగట్టాను. లైన్‌మాన్ ముందే లైను ఇస్తాడని నాకు కలొచ్చిందా? తీగ విప్పెయ్యమని రాసేస్తే నీకేం వచ్చేది? వచ్చే విడతకి మళ్లీ నన్నే అడిగేదానివి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, జవాబు చేతిలో పెట్టినవాడు ఒక్కడూ బాగుపడలేదు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను.

నీ కొంప కూల్చి నా గది నింపుకుంటానా? అంత మాట ఎలా రాశావే? చదివి ఏడిచాను. కళ్లు అసలే బాగాలేవు, ఏడవకూడదన్నాడు డాక్టరు. కోడిపిల్లలు మళ్లీ వస్తాయి. అక్క రాదు.

అయిందేదో అయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. చేతికి మందు రాసుకో. గది కడిగించాను, కిటికీకి కొత్త తెర కట్టించాను. నువ్వు ఎక్కడికి పోతావు చెప్పు, వీధిలో ఉంటావా? పదో తారీకులోపల వచ్చెయ్యి. కట్టు కట్టాక నాకు చెయ్యి పట్టుకునే దిక్కు నువ్వే. ఏ బండికి వస్తావో రాస్తే స్టేషనుకి వస్తాను, ఆ మాత్రం ఇంకా కనిపిస్తోంది.

అక్క


డిసెంబరు 26

అక్కయ్యకి,

వస్తున్నాను. మరో చోటు లేదు కాబట్టి వస్తున్నాను, మార్కులు దాచుకో.

పెట్టె తలుపు మా బావగారికి వదిలేశాను, బస్తాల కింద వేసుకుంటాడట. కాయిళ్లు రెండూ తెస్తున్నాను. కాయిల్ అమ్మినవాడి కొట్టుకి వెళ్లి క్షమించమని అడిగాను. నువ్వు చెప్పినవాటిలో అదొక్కటే ఆలస్యంగా చేసినా పనికొచ్చింది. వాడు నా చెయ్యి చూసి మందు ఇచ్చాడు. ఆ స్విచ్చి కూడా చూపించాడు, అరచేతిలో ఇమిడిపోతుంది.

నువ్వు కావాలని చేశావని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కావాలని చేసి ఉంటే కనీసం నీకు నేను కావాలనైనా అనుకునేదాన్ని. నీకు కావలసింది సరైన జవాబు. అది నీకు వచ్చింది.

నీ ఇంట్లో వంట చేస్తాను. బట్టలు ఉతుకుతాను. కళ్లల్లో చుక్కలు వేళకి వేస్తాను. లోకం వేలెత్తి చూపకుండా చేస్తాను, భయపడకు. కానీ నీ పద్ధతి నాకు పూర్తిగా వచ్చేసింది అక్కయ్యా. కట్టు కట్టుకుని కూచున్నాక "ఎన్నింటయిందే" అని అడిగితే, పొద్దున్నుంచి ఎన్నిసార్లు కాఫీ తాగావో గుర్తు చేసుకోమంటాను. "వాకిట్లో ఎవరే" అంటే, అడుగుల చప్పుడు బట్టి కనుక్కోమంటాను. నువ్వు గోడ పట్టుకుని నడుస్తుంటే ముందు మెట్టుందని చెప్పను. పక్కనే నిలబడి, వరండా పొడుగు ఇంత, నీ అడుగు ఇంత, మెట్టు ఎన్నో అడుగులో వస్తుందో చెప్పు అని అడుగుతాను. బుర్రపెట్టి చెయ్యి. తప్పయితే పడతావు, తర్వాత మార్కులేస్తాను. చెప్పేస్తే నీకు రాదుగా.

స్టేషనుకి వస్తానన్నావు. ఏ బండికి వస్తానో రాయలేదు, చూసుకున్నావా? షెడ్డు ముప్పై ఒకటిన ఖాళీ చేస్తాను. ఇక్కణ్ణుంచి బండ్లు రోజుకి రెండు. మిగతాది లెక్క కట్టుకో.

పదికి పది తెచ్చుకున్న
నీ చెల్లెలు